టెక్సాస్ బ్యాలెట్‌ను కింది నుంచి పైకి చదువుతున్నాను

2026 మార్చి 3న టెక్సాస్‌లో ప్రైమరీ ఎన్నికలు, అంటే నవంబర్ పోటీకి ఏ పార్టీ నుంచి ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ఎన్నికలు. ఈ మధ్య మా ఫ్రిస్కోలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే చాలు, సెనేట్ పోటీ మీదికే మాట మళ్లుతోంది. రిపబ్లికన్లలో ఇప్పటి సెనేటర్ జాన్ కార్నిన్ మీద రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్, కాంగ్రెస్ సభ్యుడు వెస్లీ హంట్ నిలబడ్డారు. డెమోక్రాట్లలో ముఖ్యమైన పోటీ జాస్మిన్ క్రాకెట్, జేమ్స్ టలరికోల మధ్య. ఆ తర్వాత గవర్నర్ గురించి కాసేపు మాట్లాడుకుంటారు. గ్రెగ్ ఆబట్ నాలుగోసారి అడుగుతున్నారు కదా, ఆయన గెలుస్తారా లేదా అని. అక్కడితో ముచ్చట ఆగిపోతుంది. బ్యాలెట్ మాత్రం అక్కడితో ఆగదు. ఆ కింద ఉన్న పేర్ల గురించే నేను రాస్తున్నది.

నేను 2024లో పౌరసత్వ ప్రమాణం చేశాను. ఆ ఏడాది నవంబర్‌లో ఇక్కడ మొదటిసారి ఓటేశాను. మన దగ్గర ఓటంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. అదే ఏడాది మే 13న ఆంధ్రలో మా అన్నయ్య ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకి ఒకటి, రెండు మీటలు నొక్కి వచ్చాడు. గుర్తులు ఉంటాయి, ఎవరూ నచ్చకపోతే నోటా ఉంటుంది. ఇక్కడ గుర్తులు లేవు, నోటా లేదు. అధ్యక్షుడితో మొదలుపెట్టి సెనేటర్, కాంగ్రెస్ సభ్యుడు, రైల్‌రోడ్ కమిషనర్, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు, క్రిమినల్ అప్పీళ్ల కోర్టు జడ్జీలు, జిల్లా జడ్జీలు, షెరిఫ్, కానిస్టేబుల్ వరకు అందరినీ మనమే ఎన్నుకోవాలి. ఒకప్పుడు పార్టీ పేరు మీద ఒక్క గుర్తు పెడితే మొత్తం ఓట్లు ఆ పార్టీకే పడేవట. 2017లో శాసనసభ ఆ పద్ధతిని ఎత్తేసింది, 2020 ఎన్నికల నుంచి అది లేదు. ఇప్పుడు ఒక్కో పదవి దగ్గరా ఆగి, పేరు చదివి, విడిగా ఎంచుకోవాల్సిందే.

ముందు ఓటరుగా నమోదు కావాలి. టెక్సాస్‌లో కొత్తగా నమోదయ్యేవాళ్లకు మామూలుగా ఆన్‌లైన్ సౌకర్యం లేదు. ఫారం నింపి, సంతకం పెట్టి, పోస్టులో పంపాలి. లేదంటే కౌంటీ ఆఫీసులోనో, నమోదుకు అధికారం ఉన్న వాలంటీర్ చేతికో ఇవ్వాలి. ఎన్నికకు 30 రోజుల ముందే అది ఇచ్చేయాలి, లేదా పోస్టు చేసేయాలి. ఈ ప్రైమరీకి గడువు ఫిబ్రవరి 2తో అయిపోయింది. నవంబర్ 3న జరిగే అసలు ఎన్నికకు అక్టోబర్ 5 దాకా ఉంది. ఈ మధ్యే ప్రమాణం చేసినవాళ్లు ఆ తేదీ రాసి పెట్టుకోండి.

కొన్నాళ్లకు ఇంటికి ఓటరు కార్డు వస్తుంది. చాలామంది దాన్ని చూసి డ్రాయర్‌లో పడేస్తారు. నాకు మాత్రం అదే మొదటి పాఠ్యపుస్తకం అయింది. దాని మీద మన పేరు, ప్రీసింక్ట్ (మన ఇల్లు ఉన్న చిన్న ఓటింగ్ ప్రాంతం) నంబర్‌తో పాటు వరుసగా మరికొన్ని నంబర్లు ఉంటాయి. కాంగ్రెస్ జిల్లా, రాష్ట్ర సెనేట్, రాష్ట్ర ప్రతినిధుల సభ, కౌంటీ కమిషనర్, జస్టిస్ ఆఫ్ ద పీస్, ఇలా ఒక్కో నంబర్ వెనుక మనం ఎన్నుకునే ఒక మనిషి ఉన్నారు. నేను ఒక తెల్ల కాగితం తీసుకుని నంబర్ల పక్కన పదవి, పదవి పక్కన ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాళ్ల పేరు, ఆ పక్కన పోటీ చేస్తున్నవాళ్ల పేర్లు రాసుకున్నాను. ఈసారి ఒక జాగ్రత్త కూడా ఉంది. 2025 ఆగస్టులో శాసనసభ కాంగ్రెస్ నియోజకవర్గాల హద్దులను మార్చేసింది. దాని మీద కేసు నడిచింది. 2026 ఎన్నికలకు కొత్త హద్దులే వాడుకోవచ్చని డిసెంబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు అనుమతించింది. కాబట్టి మీ కాంగ్రెస్ నంబర్ ఏమిటో కౌంటీ వెబ్‌సైట్‌లో మళ్లీ ఒకసారి చూసుకోవడం మంచిది.

అలా రాసుకుంటూ రైల్‌రోడ్ కమిషనర్ దగ్గరకు వచ్చేసరికి నేను చాలాసేపు ఆగాను. 1891లో పెట్టిన ఈ కమిషన్‌కు రైళ్ల మీద మిగిలి ఉన్న పని కూడా 2005లో వేరే శాఖకు వెళ్లిపోయింది. ఇప్పుడు అది చూసేది చమురు బావులు, సహజవాయువు, పైపులైన్లు. ముగ్గురు సభ్యులు, ఒక్కొక్కరికి ఆరేళ్ల పదవీకాలం. ఇది చదువుతుంటే నాకు 2021 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఆ మంచు తుఫానులో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మా ఇంట్లో పిల్లలకు ఉన్న స్వెట్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసి, అందరం ఒకే గదిలో పడుకున్నాం. కరెంటు ఎందుకు పోయిందో అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు. గాలిమరలు గడ్డకట్టాయని కొందరన్నారు. ఆ తర్వాత కేంద్ర సంస్థలు చేసిన విచారణ నివేదిక చదివాను. అన్ని రకాల విద్యుత్ కేంద్రాల్లోనూ పరికరాలు గడ్డకట్టాయి. అది చాలదన్నట్టు సహజవాయువు బావుల్లో, శుద్ధి కేంద్రాల్లో ఉత్పత్తి పడిపోయి గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాలకు ఇంధనం సరిగా అందలేదు. గ్యాస్ తీసి శుద్ధి చేసే చోట కరెంటు కావాలి, కరెంటు కేంద్రాలకు గ్యాస్ కావాలి. ఒకటి ఆగితే రెండోది ఆగింది.

ఆ ఏడాదే శాసనసభ ఒక చట్టం చేసింది. చలికి తట్టుకునేలా విద్యుత్ కేంద్రాలకు నియమాలు పెట్టే పని పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కు, గ్యాస్ వైపు నియమాలు పెట్టే పని రైల్‌రోడ్ కమిషన్‌కు అప్పగించింది. మొదటి కమిషన్ సభ్యులను గవర్నర్ నియమిస్తారు. రెండో కమిషన్ సభ్యులను మనం ఎన్నుకుంటాం. అంటే ఆ రాత్రుల్లాంటి రాత్రి మళ్లీ రాకుండా ఏ బావికి ఏ కవచం ఉండాలో నిర్ణయించే ముగ్గురిలో ఒకరి పేరు మన బ్యాలెట్ మీదే ఉంటుంది. ఈసారి జిమ్ రైట్ స్థానానికి ఎన్నిక. ఆయనే మళ్లీ పోటీ చేస్తున్నారు. ఎవరికి వేయాలో నేను చెప్పను. కానీ ఈ పదవి దగ్గర పేరు చూడకుండా ముందుకు వెళ్లొద్దని ఎవరు అడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను.

రెండో పెద్ద ఆశ్చర్యం జడ్జీలు. మన దేశంలో జడ్జీకి ఓటేయడం అనే మాటే వినలేదు. ఇక్కడ పార్టీ పేరుతోనే నిలబడతారు. టెక్సాస్‌కు అత్యున్నత న్యాయస్థానాలు రెండు. సివిల్ కేసులకు సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసులకు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్స్. ఒక్కో దానిలో తొమ్మిది మంది, ఒక్కొక్కరికి ఆరేళ్లు. 2025 జనవరిలో గవర్నర్ చీఫ్ జస్టిస్‌గా నియమించిన జిమ్మీ బ్లాక్‌లాక్ ఇప్పుడు ఆ పదవికి ఓటర్ల ముందుకు వస్తున్నారు.

ఈ జడ్జీల ఎన్నిక ఎంత బరువైనదో తెలియాలంటే 2024 మార్చి ప్రైమరీ చూడాలి. అంతకు ముందు 2021 డిసెంబర్‌లో క్రిమినల్ అప్పీళ్ల కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. స్థానిక ప్రాసిక్యూటర్ పిలవకుండా అటార్నీ జనరల్ తనంతట తాను ఎన్నికల నేరాల కేసులు నడపడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. అటార్నీ జనరల్ పాక్స్‌టన్ ఆ తీర్పును గట్టిగా వ్యతిరేకించి, అందులో ఉన్న జడ్జీలను ఓడించమని ప్రచారం చేశారు. 2024లో ఎన్నికకు వచ్చిన ముగ్గురూ, 1994లో ఆ కోర్టుకు ఎన్నికైన ప్రిసైడింగ్ జడ్జి షారన్ కెల్లర్‌తో సహా, రిపబ్లికన్ ప్రైమరీలోనే ఓడిపోయారు. ఆ తీర్పు సరైనదా కాదా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్లది. నేను దీన్నుంచి తెలుసుకున్నది ఏమిటంటే, రాష్ట్రంలో మరణశిక్ష కేసులు ఆఖరున వెళ్లే కోర్టులో ఎవరు కూర్చోవాలో మార్చిలో వచ్చిన కొద్దిమంది ఓటర్లు తేల్చేశారు. నవంబర్‌లో వెళ్లిన నాలాంటివాళ్లకు ఆ నిర్ణయం అప్పటికే సగం జరిగిపోయి కనిపించింది. టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ జరిగే ఎన్నికల్లో డెమోక్రాట్లు చివరిసారి గెలిచింది 1994లో. అందుకే చాలా పదవులకు ప్రైమరీయే అసలు పోటీ అవుతోంది. డెమోక్రాట్లు బలంగా ఉన్న కౌంటీల్లో స్థానిక పదవులకూ ఇదే మాట వర్తిస్తుంది.

ప్రైమరీలో ఓటేయడానికి ఏ పార్టీలోనూ సభ్యత్వం అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు. నమోదు ఫారంలో పార్టీ గడి ఉండదు. పోలింగ్ కేంద్రానికి వెళ్లాక ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబుతాం, అది ఇస్తారు. ఒకటే తీసుకోవాలి. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మే 26న రనాఫ్ జరుగుతుంది. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవాళ్లు రనాఫ్‌లో రెండో పార్టీ వైపు వెళ్లడానికి లేదు. నవంబర్‌లో మాత్రం ఎవరికి కావాలంటే వాళ్లకు వేసుకోవచ్చు.

ఈసారి రాష్ట్ర స్థాయిలో ఖాళీ అయిన కుర్చీలు కూడా ఉన్నాయి. పాక్స్‌టన్ సెనేట్‌కు వెళ్లాలనుకోవడంతో అటార్నీ జనరల్ పదవికి కొత్తవాళ్లు పోటీ పడుతున్నారు. రిపబ్లికన్లలో చిప్ రాయ్, మేయస్ మిడిల్టన్, జోన్ హఫ్‌మన్, ఆరన్ రైట్జ్. డెమోక్రాట్లలో నేథన్ జాన్సన్, జో జవోర్స్కీ వంటివాళ్లు. కంప్ట్రోలర్‌గా ఉన్న గ్లెన్ హెగర్ 2025లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయాల వ్యవస్థకు చాన్సలర్‌గా వెళ్లారు. ఆ స్థానానికి ఇప్పుడు తాత్కాలికంగా పని చూస్తున్న కెల్లీ హాన్‌కాక్, రైల్‌రోడ్ కమిషన్‌లో ఉన్న క్రిస్టీ క్రాడిక్, మాజీ రాష్ట్ర సెనేటర్ డాన్ హఫైన్స్ రిపబ్లికన్ల నుంచి పోటీలో ఉన్నారు. కంప్ట్రోలర్ అంటే రాష్ట్ర పన్నులు వసూలు చేసేవారు. వచ్చే రెండేళ్లకు ఖజానాలో ఎంత ఉంటుందో లెక్క కట్టి చెప్పేది వీరే. ఆ లెక్కలోనే శాసనసభ ఖర్చు పెట్టాలి. పైగా ప్రైవేటు స్కూలు ఖర్చులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే కొత్త పథకాన్ని, మొదట్లోనే వంద కోట్ల డాలర్లది, నడిపేది ఈ ఆఫీసే. మా వీధిలో పిల్లలున్న తెలుగువాళ్లందరూ ఆ పథకం గురించి మాట్లాడుకుంటున్నారు. దాన్ని నడిపే పదవికి ఎవరు నిలబడ్డారో అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఇది నాకు బాధగానే అనిపించింది.

లెఫ్టినెంట్ గవర్నర్ గురించి ఒక మాట. మేరీల్యాండ్‌లో హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ ఆ పదవిలో ఉన్నారు. వర్జీనియాలో 2025 నవంబర్‌లో గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. మేరీల్యాండ్‌లో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా పోటీ చేస్తారు. వర్జీనియాలో, మా టెక్సాస్‌లో వేర్వేరుగా ఎన్నికవుతారు. టెక్సాస్‌లో రాష్ట్ర సెనేట్‌ను నడిపేది లెఫ్టినెంట్ గవర్నరే. ఏ బిల్లు ఏ కమిటీకి వెళ్లాలి, ఎవరు ఆ కమిటీకి అధ్యక్షులు అన్నది ఆయన చేతిలో ఉంటుంది. డాన్ పాట్రిక్ మళ్లీ పోటీ చేస్తున్నారు. వ్యవసాయ కమిషనర్, ల్యాండ్ కమిషనర్ పదవులు కూడా ఉన్నాయి. స్కూళ్లలో పిల్లలకు పెట్టే భోజన పథకాలు వ్యవసాయ శాఖ కిందే ఉన్నాయని నాకు ఈ కాగితం రాసుకున్నప్పుడే తెలిసింది.

ఇక కౌంటీ పదవులు. మాది కాలిన్ కౌంటీ. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసి బడ్జెట్, రోడ్లు, జైలు, కౌంటీ పన్ను రేటు నిర్ణయిస్తారు. టెక్సాస్‌లో ఆదాయపు పన్ను రాష్ట్రానికి కట్టం, అందుకే ఇంటి పన్ను భారీగా ఉంటుంది. ఆ బిల్లు వచ్చినప్పుడు అందరం గొల్లుమంటాం. బిల్లులో కౌంటీ భాగం ఎంతో, స్కూలు జిల్లా భాగం ఎంతో విడివిడిగా రాసే ఉంటుంది. పెద్ద భాగం స్కూలు జిల్లాదే. దాన్ని తేల్చే స్కూలు బోర్డులకు, నగరాలకు చాలాచోట్ల ఎన్నికలు మే 2న, పార్టీల ప్రమేయం లేకుండా జరుగుతాయి. మా ఫ్రిస్కో మేయర్ ఎన్నిక కూడా అప్పుడే.

జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు దగ్గరే నేను ఎక్కువ సమయం గడిపాను. 20 వేల డాలర్ల లోపు సివిల్ దావాలు, అద్దె ఇల్లు ఖాళీ చేయించే కేసులు, చిన్న ట్రాఫిక్ కేసులు అక్కడికే వెళ్తాయి. ఆ పదవికి లాయర్ అయి ఉండాలన్న నియమం లేదు. డిపాజిట్ తిరిగివ్వని ఇంటి యజమాని మీద మన పిల్లలు, కొత్తగా వచ్చిన విద్యార్థులు న్యాయం అడగగలిగే మొదటి తలుపు అదే. అద్దెకున్నవాళ్ల కేసులను ఎంత వేగంగా, ఎంత ఓపికగా వింటారని అడుగుతూ అభ్యర్థులకు మెయిల్ రాశాను. గవర్నర్‌కు పోటీ చేసేవాళ్లు నా మెయిల్‌కు జవాబివ్వరు. వీళ్లు ఇచ్చారు. ఒకరు ఫోన్ చేసి మరీ మాట్లాడారు. అంత దగ్గరగా ఉన్న పదవులివి.

అభ్యర్థుల సమాచారానికి లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ వాళ్ల గైడ్ నాకు బాగా పనికొచ్చింది. ఒకే ప్రశ్న అందరినీ అడిగి జవాబులు పక్కపక్కన వేస్తారు. జవాబివ్వనివాళ్లు ఎవరో కూడా అందులో తెలుస్తుంది. రాష్ట్ర పదవులకు పోటీ చేసేవాళ్లకు ఎవరు విరాళాలు ఇచ్చారో టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. జడ్జీల విషయంలో నేను ముందు చూసేది ఇదే. తమ కోర్టులో వాదించే లాయర్ల నుంచి ఎంత తీసుకున్నారో చూస్తాను.

అన్నీ కాగితం మీద రాసుకోమని ఊరికే చెప్పడం లేదు. ఓటేసే చోటికి 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదు. ఫోన్‌లో దాచుకున్న జాబితా అక్కడ పనికిరాదు, కాగితం మీద రాసుకున్న నోట్సు మాత్రం తీసుకెళ్లవచ్చు.

మామూలుగా ఫోటో గుర్తింపు కార్డు చూపించాలి. డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫోటో ఉన్న పౌరసత్వ ధ్రువపత్రం, ఏదైనా సరే. మన పేర్లతో వచ్చే చిక్కు ఒకటుంది. లైసెన్స్ మీద ఇంటిపేరు పూర్తిగా, ఓటరు జాబితాలో పొట్టిగా, లేదా పేరు రెండు ముక్కలుగా ఉంటుంది. చాలామంది ఈ టెన్షన్‌తోనే వెళ్లడం మానేస్తారు. పేర్లు దాదాపు ఒకేలా ఉంటే చాలు, ఆ మనిషి మీరేనని అక్కడే ధ్రువీకరించి ఓటేయవచ్చు. నన్ను ఒక నిమిషం ఆపారు, ధ్రువీకరించాను, పంపేశారు.

మా అత్తయ్య కూడా పౌరురాలే. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డ్ మీద 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష నుంచి మినహాయింపు ఉంది, అలా తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చారు. బ్యాలెట్ తెలుగులో లేదు. "నాకు చదవడం రానప్పుడు నా ఓటు ఎందుకమ్మా, నువ్వు వేసిరా" అనేవారు. అలా కుదరదు అత్తయ్యా, మీ ఓటు మీరే వేయాలి, నేను పక్కన ఉండి చదివి చెబుతాను అన్నాను. చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చని కేంద్ర ఓటు హక్కు చట్టం చెబుతోంది. యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. ఈ హక్కు ఇక్కడ గట్టిపడటానికి కారణం కూడా ఒక భారతీయ తల్లి. 2014లో విలియమ్సన్ కౌంటీలో ఒక బెంగాలీ ఆవిడ సాయంగా కొడుకుని తీసుకెళ్తే, అతను ఆ కౌంటీ ఓటరు కాదని దుబాసీగా ఒప్పుకోలేదు. ఆ కేసులో 2017లో ఫిఫ్త్ సర్క్యూట్ అనే కేంద్ర అప్పీళ్ల కోర్టు, ఆ రాష్ట్ర నిబంధన కేంద్ర చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఇప్పుడు తోడు వెళ్లేవాళ్లు ఒక ఫారం నింపి, ఓటరును ఒత్తిడి చేయనని ప్రమాణం చేయాలి. నేను చేశాను. అత్తయ్య ఒక్కో పదవి దగ్గరా "వీళ్లేం పని చేస్తారు" అని అడిగారు. నేను చెప్పాను. ఎవరికి వేయాలో ఆవిడే చెప్పారు. రెండు చోట్ల నేను వేసినవాళ్లకు కాకుండా వేరేవాళ్లకు వేశారు.

ఇప్పుడు ఆవిడ ఇంటి పక్కనున్న పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టుకుంటున్నారు. పోయిన ఆదివారం మా డైనింగ్ టేబుల్ మీద రెండు పార్టీల నమూనా బ్యాలెట్లూ పరిచి, కింది వరుస నుంచి మొదలుపెట్టాం. పదవుల్లో అన్నిటికంటే కింద ప్రీసింక్ట్ ఛైర్ ఉంటుంది. అది పార్టీ పదవి, రెండేళ్లకు ఒకసారి ప్రైమరీలోనే ఎన్నుకుంటారు. ఎవరూ నిలబడని ప్రీసింక్ట్‌లు బోలెడు. దాన్ని చూసి ఒక పెద్దాయన, మన కాలనీలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం కదమ్మా, వచ్చేసారి ఎవరో ఒకరు ఫారం వేయొచ్చు కదా అన్నారు. ఆ మాట ఇద్దరు కుర్రాళ్ల చెవిన వేశాను, ఆలోచిస్తున్నారు.

ఎర్లీ ఓటింగ్ ఫిబ్రవరి 17న మొదలై 27తో ముగుస్తుంది. ఆ రోజుల్లో కౌంటీలోని ఏ ఎర్లీ ఓటింగ్ కేంద్రానికైనా వెళ్లవచ్చు, క్యూలు తక్కువ. మేం వారం మధ్యలో పొద్దున్నే వెళ్తున్నాం. క్రిమినల్ అప్పీళ్ల కోర్టులో ఒక స్థానం, మా జిల్లా కోర్టులో ఒక స్థానం నా కాగితం మీద ఇంకా తేలలేదు. ఆ రెండింటికీ విరాళాల జాబితాలు చూడాలి.